గాలివాటం చూసి బయల్దేరండి: సైకిల్ యాత్రికుల ప్రశ్నలు, జవాబులు

డబ్లిన్‌లో ఉంటున్నాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ళ బాబు. ముగ్గురికీ సైకిల్ వచ్చు గానీ కార్ల మధ్య తొక్కాలంటే భయం. సముద్రం కనబడుతూ, కార్లు రాని దారి కావాలి. అందరూ ఇక్కడ ఐర్లండ్‌లోనే ఉన్న వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వే అంటున్నారు, కార్లు రాని సైకిల్ దారి అట. మొత్తం 46 కిలోమీటర్లు బాబు తొక్కగలడా?
– ఒక పాఠకురాలు, డబ్లిన్

మొత్తం తొక్కించనక్కర్లేదమ్మా. మీకు కావలసిన సముద్రం, ఎత్తు వంతెన, వాటితోపాటు ఒక సొరంగం, మూడూ దారికి ఒక కొస అయిన డంగార్వన్‌కీ, మధ్యలో వచ్చే డరోకీ మధ్య ఉన్న పది కిలోమీటర్లలోనే ఉన్నాయి. పోను పది, రాను పది. సైకిల్ అలవాటున్న తొమ్మిదేళ్ళ పిల్లాడు మధ్యలో రెండు మూడుసార్లు ఆగుతూ ఇరవై హాయిగా తొక్కుతాడు.

ఇది పాత రైలు దారి. 1878లో వేశారు, 1967లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, 2017లో సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ తెరిచారు. రైలు దారి కావడమే పిల్లలకు వరం. ఆవిరి ఇంజిను బరువు లాగుతూ నిటారుగా ఎక్కలేదు గనక వంద మీటర్లు సాగితే ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు పెరగదు. దారంతా నున్నగా ఉంటుంది, మామూలు టైర్లు చాలు.

చాలామంది పొరపాటు పడేది గాలి విషయంలో. అక్కడ ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది. డరో నుంచి డంగార్వన్‌కు వెళ్తే ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి. అందుకని కారు డరో దగ్గర పెట్టి, ఒంట్లో ఓపిక ఉండగానే ఎదురుగాలిలో డంగార్వన్‌కు వెళ్ళండి. భోంచేసి బయల్దేరితే అలసిన పిల్లాణ్ణి గాలే తోసుకొస్తుంది. డంగార్వన్‌లో మొదలుపెట్టి డరో వెళ్ళొచ్చారంటే అన్నం తిన్నాక, కాళ్ళు బరువెక్కాక ఎదురుగాలి తగులుతుంది. పిల్లలు ఏడ్చేది అప్పుడే.

డరో దాటగానే బాలీవాయిల్ సొరంగం, 400 మీటర్లు. లోపల దీపాలున్నా మసక వెలుతురే. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వెళ్తే కాసేపు ఏమీ కనబడదు, పైనుంచి చల్లటి నీటిబొట్లు మెడ మీద పడతాయి, పిల్లాడు ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తాడు. ముఖద్వారం దగ్గర ఆగండి. నల్ల కళ్ళద్దాలు తీసేయండి, ముందూ వెనకా లైట్లు వేయండి, బాబును మీ ఇద్దరి మధ్యలో పెట్టుకుని నెమ్మదిగా సాగండి. బయటి గోడల నిండా పచ్చటి ఫెర్న్ ఆకులు వేలాడుతుంటాయి, అవి చూడ్డానికైనా ఆగాల్సిందే. సొరంగం తర్వాత వచ్చే వంతెనను 1922లో ఐర్లండ్ అంతర్యుద్ధంలో పేల్చేశారు, 1924లో మళ్ళీ కట్టారు. అది దాటాక ఎడమ చేతి వైపు సముద్రం తెరుచుకుంటుంది. నడిచేవాళ్ళూ కుక్కలూ ఎక్కువ, దాటే ముందు గంట కొట్టండి.

పెద్దవాళ్ళు మాత్రమే మొత్తం తొక్కేటట్టయితే డంగార్వన్‌లో మొదలుపెట్టి వాటర్‌ఫర్డ్‌లో ముగించాలి. డరో పదో కిలోమీటరు దగ్గర, కిల్‌మక్‌థామస్ 22 దగ్గర, కిల్‌మెడెన్ 35 దాటాక. కిల్‌మక్‌థామస్‌లో ఎనిమిది కమానుల వంతెన ఉంది, తిండికి ఆగాల్సింది అక్కడే. ఆగిన వేళలతో కలిపి ఐదారు గంటలు వేసుకోండి. డంగార్వన్‌కు రైలు లేదు. డబ్లిన్ హ్యూస్టన్ నుంచి రైలు వాటర్‌ఫర్డ్ వరకే. సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు వ్యానులో అవతలి కొసకు దింపుతారు, ముందురోజే మాట్లాడుకోండి. సొంత సైకిల్ రైల్లో పెట్టాలంటే చోటు చాలా తక్కువ, టికెట్టుతోపాటే బుక్ చేయాలి.

అదే వాటర్‌ఫర్డ్ జిల్లాలో కాపర్ కోస్ట్ కొండ అంచులు చాలా బాగుంటాయట. గ్రీన్‌వే తొక్కిన అద్దె సైకిల్‌తోనే మర్నాడు అక్కడికీ వెళ్ళొచ్చా?
– ఒక పాఠకుడు, కార్క్

వెళ్ళొచ్చు గానీ రెండు దారులకూ పోలిక లేదు. స్ట్రాడ్‌బాలీ, బన్‌మహోన్, ఆన్స్‌టౌన్ మీదుగా ట్రామోర్ దాకా వెళ్ళే ఆ రోడ్డు మీద కార్లు తిరుగుతాయి. భూగర్భ విశేషాలకు యునెస్కో గుర్తించిన జియోపార్కు అది. పందొమ్మిదో శతాబ్దంలో రాగి తవ్వారు, బన్‌మహోన్ దగ్గర ట్యాంకర్డ్స్‌టౌన్ గని ఇంజిను గది గోడలు కొండ అంచున ఇంకా నిలబడి ఉన్నాయి. ప్రశాంతంగా చూడాలంటే వారం మధ్యలో, పొద్దున ఎనిమిదిలోపే బయల్దేరండి.

దారి ప్రతి బీచికీ దిగి మళ్ళీ ఎక్కుతుంది. మొత్తం దూరం పాతిక ముప్పై కిలోమీటర్లే కదా అని లెక్కేస్తే మోసపోతారు, కాళ్ళ సత్తువ తినేసేది ఎక్కుళ్ళు. అద్దెకు తీసుకునేటప్పుడే గేరు చక్రాల పళ్ళు లెక్కపెట్టండి. ముందు చిన్న చక్రానికి 26, వెనక పెద్దదానికి 34 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 1.67 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఆరు కిలోమీటర్ల వేగం. నిటారు ఎక్కుడులో కూర్చునే ఎక్కడానికి అది చాలు. ముందు 44, వెనక 18 ఉన్న గేర్లు లేని సైకిల్ అయితే ఒక చుట్టుకు ఐదు మీటర్ల పైనే కదలాలి, దిగి నెట్టుకోవడం తప్ప దారి లేదు. ఎక్కుడు మొదలవకముందే గేరు మార్చండి. మధ్యలో బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టుకుని ఉండొద్దు. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టండి. రిమ్ముకు ఆనే రబ్బరు బ్రేకులైతే వాన తడిలో మొదటి రెండు చుట్లూ నీళ్ళు తుడవడానికే సరిపోతాయి, పట్టు ఆ తర్వాతే దొరుకుతుంది. మలుపు రావడానికి చాలా ముందే తేలిగ్గా నొక్కి రిమ్ము ఆరబెట్టుకోవాలి.

ఇంకో విషయం. ఆ రోడ్ల పక్కన ఎత్తయిన పొదల కంచెలుంటాయి, వాటి చాటున గాలే తెలీదు. పొలం గేటు దగ్గర కంచెకు గండి వస్తుంది చూడండి, అక్కడ పక్కగాలి ఒక్క తోపు తోస్తుంది. గేటు కనబడగానే రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి. కొండ అంచు దగ్గరికి మాత్రం సైకిల్ తీసుకెళ్ళకండి. పైన పచ్చగడ్డి గట్టిగానే కనబడుతుంది, కింద మట్టి కోసుకుపోయి డొల్లగా ఉండొచ్చు.

అసలు కార్లే లేని చోటు లోకంలో ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

ఉంది. ఇంగ్లీష్ ఛానల్‌లో గెర్న్‌సీకి పక్కనున్న సార్క్ దీవిలో కార్లు నిషేధం. ట్రాక్టర్లు, గుర్రబ్బళ్ళు, సైకిళ్ళు మాత్రమే తిరుగుతాయి. చుట్టూ నిటారు కొండ అంచులు. దీవి రెండు ముక్కల్నీ కలిపే లా కూపే అనే సన్నటి మెడ మీద రెండు వైపులా 80 మీటర్ల లోతు, అక్కడ దిగి సైకిల్ నడిపించుకు వెళ్ళాలి, అది నిబంధన. వీధి దీపాలు లేవు, రాత్రికి లైటు తప్పనిసరి.

మాది విశాఖ. భీమిలి రోడ్డులో ఆదివారం కార్ల జోరుకు విసుగొచ్చింది. మన దగ్గర నిశ్శబ్దంగా తొక్కే దారులు ఎక్కడున్నాయి? పోయినచోటల్లా పంక్చర్లే, దానికి మందేమిటి?
– ఒక పాఠకుడు, మద్దిలపాలెం

భీమిలి దారి తెల్లవారుజామునే బాగుంటుంది. తెల్లారేసరికి భీమిలి చేరుకుని, ఎండెక్కేలోపు ఇల్లు చేరండి. ఎర్రమట్టి దిబ్బల మీదికి సైకిల్ ఎక్కించకండి దయచేసి. అది వానకే కోసుకుపోయే మట్టి, టైరు చేసిన గాడిలోంచి నీళ్ళు పారి వాగవుతుంది.

నిశ్శబ్దం కోసమైతే కోనసీమకు రండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువల గట్లు ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద రోడ్డు వదిలి గట్టెక్కితే కొబ్బరి నీడ, పక్కనే నీళ్ళు, ఎక్కుడు అన్న మాటే లేదు. నర్సాపురం రేవులో పంటు మీద సైకిల్ ఎక్కించుకుని వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగితే అంతర్వేది సముద్రం దాకా తొక్కుకుంటూ పోవచ్చు. వరదల్లో పంటు ఆపేస్తారు, చలికాలం మంచిది. పొద్దున గాలి నేల మీంచి సముద్రానికి, మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి నేలకు వీస్తుంది. కనుక పొద్దునే సముద్రానికి వెళ్ళి, మధ్యాహ్నం దాటాక వెనక్కి మళ్ళితే రెండుసార్లూ గాలి మీ పక్షమే.

ఇక పంక్చర్లు. మన గట్ల మీద శత్రువులు రెండు: పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. ట్యూబుకు ప్యాచ్ వేసి ముల్లు టైర్లోనే వదిలేస్తే అరగంటలో మళ్ళీ అదే చోట గాలి పోతుంది. ట్యూబు తీసే ముందు వాల్వు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెట్టండి. ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళలో ముంచి చిల్లు కనుక్కున్నాక, వాల్వును గీతకు ఆనించి ట్యూబును టైరు మీద పరవండి. చిల్లుకు ఎదురుగా ఉన్న చోట ముల్లు విరిగి ఉంటుంది. ట్యూబును తిరగేసి పెట్టి ఉండొచ్చు, కాబట్టి వాల్వుకు రెండో పక్క కూడా అంతే దూరంలో చూడండి. వేలు పెట్టి వెతికితే గుచ్చుకుంటుంది, దూదిపింజ రాయండి, ముల్లు ఉన్నచోట పీచు పట్టుకుంటుంది. పట్టకారుతో లోపలి నుంచి లాగండి.

ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, ప్యాచ్ కంటే పెద్ద వలయంగా సొల్యూషన్ పలచగా రాసి ఐదు నిమిషాలు వదిలేయండి. వేలి వెనకభాగం ఆనిస్తే తడి అంటకూడదు. తడిగా ఉండగానే ప్యాచ్ అతికించడం వల్లే చాలా ప్యాచ్‌లు ఊడిపోతాయి.

యాభై ఎనిమిదేళ్ళు. పాతిక కిలోమీటర్లు దాటితే మోకాలి ముందుభాగం నొప్పి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

చాలావరకు సీటు కిందికి ఉండడం వల్లే. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే మోకాలు తిన్నగా చాచుకోవాలి. ఒక్కసారి ఎత్తేయకుండా రోజుకు అరసెంటీమీటరు చొప్పున పెంచండి. వెనక కండరం లాగుతున్నా, తుంటి అటూ ఇటూ ఊగుతున్నా ఎక్కువ ఎత్తారని గుర్తు. బరువు గేరులో తొక్కే అలవాటుంటే మానుకోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

సామాను కట్టుకుని వెళ్తే వెనక చక్రంలో కుడివైపు స్పోకులే విరుగుతున్నాయి, ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

గేరు పళ్ళకు చోటివ్వడానికి ఆ పక్క స్పోకులు నిలువుగా, బాగా బిగుతుగా ఉంటాయి. దాని మీద మీ బరువు, సామాను బరువు కలిసి పడుతుంది. 36 స్పోకుల చక్రం వేయించి, వందో కిలోమీటరు దగ్గర ఒకసారి బిగింపు చూపించండి. సామాను పన్నెండు కిలోలు మించనీయకండి, బరువైనవి సంచిలో అడుగున, ఇరుసుకు దగ్గరగా సర్దండి. దారిలో విరిగితే విరిగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టేసి, దానికి అటూ ఇటూ ఉన్న ఎడమవైపు స్పోకులు రెండూ సగం చుట్టు వదులు చేయండి, చక్రం వంకర తగ్గుతుంది. రిమ్ము ఇంకా రాసుకుంటుంటే వెనక బ్రేకు విప్పి, ముందు బ్రేకు మీదే నెమ్మదిగా దగ్గరి ఊరి షాపు దాకా వెళ్ళండి. ఆ పక్క కొత్త స్పోకు ఎక్కించాలంటే గేరు పళ్ళు ఊడదీయాలి. ఆ పనిముట్టు చిన్న ఊళ్ళ షాపుల్లో ఉండకపోవచ్చు, మీ సంచిలోనే పెట్టుకోండి.