28 ఏళ్ళకే ఆట మానేసిన లూక్ కీక్లీది తొందరపాటా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్‌గా చేరతానంటున్నాడు. అసలు ఆ పొజిషన్‌లో కెరీర్ ఎలా ఉంటుంది? లూక్ కీక్లీ అంతటివాడు 28 ఏళ్ళకే మానేయడం తొందరపాటు కాదా?

కాదండీ, ముమ్మాటికీ కాదు. నేనుండేది షార్లెట్‌లో. కీక్లీ మా ఊరి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు పాంథర్స్‌కి లైన్‌బ్యాకర్‌గా ఆడిన ఎనిమిది సీజన్లూ వదలకుండా చూశాను. ఆ ఆటలో ఇంత తెలివైన నిర్ణయం ఇంకెవరూ తీసుకోలేదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు ఒక విషయం. లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్‌లో, అంటే ఎదుటి జట్టుని ఆపే పదకొండుమందిలో, ముందు వరస వెనక నిలబడేవాడు. అతనంటే కండలు పెంచి, ఎదురొచ్చినవాణ్ణి పడగొట్టేవాడని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. కానీ మధ్యలో ఉండే మిడిల్ లైన్‌బ్యాకర్ పని సగానికి పైగా బుర్రతోనే. డిఫెన్స్‌లో ఒక్కడి హెల్మెట్‌లోనే స్పీకర్ ఉంటుంది, దాని వెనక ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. కోచ్ గొంతు వాడికి మాత్రమే వినిపిస్తుంది. అదీ ఎదుటి జట్టు బంతి కదిలించడానికి ఉన్న గడువు (ప్లే క్లాక్) 15 సెకన్లకి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, వాళ్ళు ఏం చేయబోతున్నారో పసిగట్టి, మిగతా పదిమందినీ సర్దాల్సింది అతనే. పాంథర్స్‌లో ఆ చుక్క కీక్లీది. బంతి కదలకముందే ఎదుటివాళ్ళ ప్లే ఏమిటో అరిచి చెప్పేవాడు. తీరా చూస్తే అదే జరిగేది!

2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేచోట, తొమ్మిదో పిక్‌గా వచ్చాడు. మొదటి ఏడే 164 ట్యాకిల్స్‌తో (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం) లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. రెండో ఏడు, 2013లో, లీగ్ మొత్తానికీ బెస్ట్ డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు అతనిదే. 2015 సీజన్ సంగతైతే ఇక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. రెగ్యులర్ సీజన్‌లో జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది. ప్లేఆఫ్స్‌లో సీయాటెల్ మీద ఒకటి, ఆ మరుసటి వారం అరిజోనా మీద ఒకటి, ఎదుటివాళ్ళు విసిరిన రెండు పాస్‌లు మధ్యలో అందుకుని రెండింటినీ టచ్‌డౌన్ (గోల్ గీత దాటించి స్కోరు) చేశాడు. లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో మాత్రం డెన్వర్ చేతిలో 24-10తో ఓడిపోయాం. అది ఇంకా మింగుడుపడదు నాకు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకి జవాబు 2016 నవంబర్ 17 రాత్రి ఉంది.

ఆ గురువారం న్యూ ఆర్లీన్స్ జట్టు సెయింట్స్‌తో మ్యాచ్ మా ఊళ్ళోనే. మర్నాడు ఆఫీసు. అందుకని ఫ్రెండ్ వాళ్ళింట్లో టీవీ ముందు చేరాం. నాలుగో క్వార్టర్‌లో సెయింట్స్ రన్నింగ్ బ్యాక్ టిమ్ హైటవర్ బంతితో దూసుకొచ్చాడు, కీక్లీ అడ్డం పడ్డాడు. చూడ్డానికి అదేం పెద్ద దెబ్బలా లేదు. కానీ మనిషి కోలుకోలేదు. కాసేపటికి బండి తెచ్చారు.

బండి మీద కూర్చుని, 59 నంబర్ జెర్సీలో, ఆరడుగుల మూడంగుళాల మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నొప్పికి ఏడ్చే ఏడుపులా లేదది. ఊపిరి అందడం లేదు, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, చూపు దేనిమీదా నిలవడం లేదు. తను ఏడుస్తున్నట్టు తనకే తెలుసో లేదో అనిపించింది. టీమ్ వాళ్ళు చుట్టూ మూగి భుజాల మీద చేతులు వేశారు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మగారు అప్పుడే ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి ఆట ఒక్క ముక్క తెలీదు. "అయ్యో, ఆ పిల్లాడికి ఏమైంది బాబూ? వాళ్ళమ్మ చూస్తోందేమో" అన్నారు. మ్యాచ్ 23-20తో గెలిచాం, కానీ ఆ గెలుపు గురించి మాలో ఎవరూ మాట్లాడలేదు. సీజన్‌లో మిగిలిన ఆరు మ్యాచ్‌లూ అతను ఆడలేదు. టీవీ వాళ్ళు మాత్రం ఆ ఏడుపుని రోజుల తరబడి తిప్పి తిప్పి చూపించారు. అది నాకు అస్సలు నచ్చలేదు. మెదడు అదిరిపోయిన మనిషిని అలా చూపిస్తారా?

అంతకుముందు 2015 సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఒక కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం. మళ్ళీ 2017 అక్టోబర్‌లో ఈగల్స్ మ్యాచ్‌లో తలకి దెబ్బతగిలి బయటికి వెళ్ళాడు. ఆ ఏడాది నుంచే మెడకి గుర్రపునాడా ఆకారంలో ఒక పట్టీ పెట్టుకుని ఆడేవాడు. మెడలోని రక్తనాళాలని కొద్దిగా నొక్కి, తలలో రక్తం కాస్త ఎక్కువ నిలిచేలా చేసి, మెదడు కదలకుండా చూడాలని దాని ఉద్దేశం. టీవీలో ఆ పట్టీ కనిపించినప్పుడల్లా నాకు టెన్షనే. ఏ బుర్రతో అతను అంతటివాడయ్యాడో, ఆటలో దెబ్బ పడేదీ దానికే.

2020 జనవరి 14న ఆట మానేస్తున్నానని వీడియోలో చెప్పేశాడు. వేగంగా, బలంగా, ఒంట్లో ఉన్నదంతా పెట్టి ఆడటం ఒక్కటే తనకి తెలుసనీ, ఇకమీదట అలా ఆడగలనో లేదో తెలియడం లేదనీ. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. అప్పటికి ఏడుసార్లు ప్రోబౌల్‌కి (లీగ్ మేటి ఆటగాళ్ళ మ్యాచ్), ఐదుసార్లు ఫస్ట్ టీమ్ ఆల్‌ప్రోకి (ఆ ఏటి అత్యుత్తమ జట్టు) ఎంపికయ్యాడు.

మన గెట్-టుగెదర్లలో ఈ మాట వస్తే చాలు, "రెండేళ్ళ కాంట్రాక్ట్ చేతిలో ఉండగా వదులుకుంటారా? కళ్ళు మూసుకుని ఆడేసుంటే పోయేదిగా" అంటారు. నాకు కోపం వస్తుంది. కళ్ళు మూసుకుని ఆడే ఆటా అది? జూనియర్ సేయావ్ కూడా లైన్‌బ్యాకరే, ఇరవై సీజన్లు ఆడాడు. 2012లో ఆత్మహత్య చేసుకున్నాక పరీక్షిస్తే మెదడులో సీటీఈ (తలకి పదే పదే దెబ్బలు తగలడం వల్ల మెదడు క్షీణించే జబ్బు) ఉన్నట్టు తేలింది. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 49ర్స్ లైన్‌బ్యాకర్ క్రిస్ బోర్లాండ్ ఒకే ఒక్క సీజన్ ఆడి, 2015లో 24 ఏళ్ళకి, తల మీద భయంతోనే మానేశాడు. జీతం లెక్కలేసే మనవాళ్ళు ఈ లెక్క ఎందుకు వెయ్యరు?

మీ అబ్బాయి సంగతి. ఆడొద్దని నేను చెప్పను, ఆ ఆట అందం నాకు తెలుసు. కానీ మాకు తెలిసినవాళ్ళ అబ్బాయికి ప్రాక్టీస్‌లో తల గట్టిగా తగిలి కళ్ళు తిరుగుతున్నాయంటే, కోచ్ "నీళ్ళు తాగి లోపలికి పో" అన్నాడు. మన రాష్ట్రంలో 2011 నుంచి గ్ఫెల్లర్-వాలర్ చట్టం ఉంది. 2008లో తలకి దెబ్బలు తగిలి చనిపోయిన ఇద్దరు హైస్కూల్ ఆటగాళ్ళ పేర్లవి. ఆ ఇద్దరిలో గ్ఫెల్లర్ లైన్‌బ్యాకరే. దాని ప్రకారం కంకషన్ లక్షణాలు కనిపించిన పిల్లాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, అర్హత ఉన్న వైద్య నిపుణులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తిరిగి రానివ్వాలి. ఏటా మీ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. పెట్టేముందు కోచ్‌ని నేరుగా అడగండి, మ్యాచ్ మధ్యలో పిల్లాడికి తల తిరిగితే ఆపే నిర్ణయం ఎవరిదని. సూటిగా చెప్పకపోతే ఆ టీమ్‌లో చేర్చకండి.