పొడుగు మూతి చేపల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

సీతాకోక చేపల మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేరా అంతా పసుపు రంగే. రంగు ఫొటోలో ఎలాగూ కనిపిస్తుంది. కనిపించనిది ఆ మూతి చేసే పని. అక్కడ మొదలుపెట్టు.

"పగడాల సందుల్లో ఆహారం వెతుక్కుంటుంది" అని రాశావు. ఏ చేప? ఏ ఆహారం? పొడుగు మూతి సీతాకోక చేపల ప్రజాతి పేరు ఫోర్సిపిజర్. అందులో ఫోర్సిపిజర్ ఫ్లావిసిమస్ అనే జాతి పట్టకారులాంటి మూతితో సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) నాళికా పాదాలనూ, అంటే అది పాకే సన్నని గొట్టాల్లాంటి కాళ్లనూ, గొట్టాల్లో బతికే పురుగుల స్పర్శకాలనూ (మీసాల్లాంటి అవయవాలను) ముక్కలుగా తుంచుకుంటుంది. ఇంకో జాతి ఫోర్సిపిజర్ లాంగిరోస్ట్రిస్ మూతి ఇంకా పొడుగు, నోటి చీలిక మరీ చిన్నది. అది తుంచదు, చిన్న రొయ్యల్లాంటి జీవులను మొత్తంగా లోపలికి పీల్చేస్తుంది. ఈ తేడా చెప్పావంటే రెండు జాతులు ఒకే పగడపు దిబ్బ మీద ఎలా బతుకుతున్నాయో పాఠకుడికి సగం తెలిసిపోతుంది.

ఫొటో కింద పేరు రాసేముందు ఛాతీ చూడు. పొలుసుల మీద నల్లచుక్కలు వరసగా ఉంటే లాంగిరోస్ట్రిస్. మూతి పొడవును ఒక్కదాన్నే నమ్మకు, చేప కాస్త పక్కకి తిరిగినా పొట్టిగా కనిపిస్తుంది. వీపు వాజం (వీపు మీది రెక్క) నిక్కి ఉంటే ముళ్లు లెక్కపెట్టు: 12 ఉంటే ఫ్లావిసిమస్, 10 ఉంటే లాంగిరోస్ట్రిస్. లెక్క తేలకపోతే మళ్లీ ఛాతీ దగ్గరికే రావాలి. హవాయిలోని కోనా తీరంలో ఒళ్లంతా ముదురు గోధుమ రంగున్న లాంగిరోస్ట్రిస్ కనిపిస్తుంది. అది వేరే జాతి కాదు. తోక దగ్గరి నల్లచుక్కను కన్ను అని రాశావు, కొట్టెయ్. అసలు కన్ను తలమీది నలుపులో కలిసిపోయి ఉంటుంది.

పాత పుస్తకాలతో జాగ్రత్త. లాంగిరోస్ట్రిస్ పేరు 1782 నాటిది, ఫ్లావిసిమస్ 1898లో వచ్చింది. అయినా చాలాకాలం రెండోదాని బొమ్మ కింద మొదటిదాని పేరు అచ్చయింది. 1961లో చేపల శాస్త్రవేత్త రాండాల్ పెట్టిన సిరానో అనే పేరు కూడా చివరికి లాంగిరోస్ట్రిస్‌దేనని తేలింది. "రెండే జాతులు" అన్న నీ వాక్యం కూడా అలాంటి పుస్తకం నుంచే వచ్చినట్టుంది. 2012లో న్యూగినీ పశ్చిమాన చెండెరవాసి అఖాతం నుంచి వనాయ్ అనే మూడోదాన్ని వర్ణించారు.

ఇంకొకటి. కథ మనకు దగ్గరవ్వాలని ఈ చేపను విశాఖ ఒడ్డుకు తేకు. గోదావరి, కృష్ణ ఒండ్రు కలిసే మన తీరంలో అలాంటి పగడపు దిబ్బలు లేవు. మన దేశంలోనే చూపించాలనుకుంటే లక్షద్వీప్‌కు తీసుకెళ్లు.

సవరించిన ప్రతితో పాటు ఛాతీ స్పష్టంగా కనిపించే ఫొటోలు పంపు.

మీ అన్నయ్య