తొలకరి బీడులో కనిపించే చిన్న తొండ వల్ల గొర్రెలు చనిపోతాయా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం మండలం. కొండ పక్క బీడులో 40 గొర్రెలు మేపుతున్నాను. తొలకరి పడ్డాక గొంతు కింద సంచి విప్పే చిన్న తొండలు గడ్డిలో చాలా కనిపిస్తున్నాయి. అదే వారంలో బాగా పుష్టిగా ఉన్న 3 పిల్లలు కాళ్లు కొట్టుకుంటూ గంటల్లోనే చనిపోయాయి. తొండ పాకిన గడ్డి మేయడం వల్లేనని ఊళ్లో అంటున్నారు. బీడులో పురుగుమందు చల్లమంటారా?

జవాబు: దయచేసి చల్లవద్దు. మీరు చూసిన తొండ లక్షణాలను బట్టి అది సిటానా ప్రజాతికి చెందినది. దానికి విషం లేదు, అది పాకిన గడ్డికీ విషం అంటదు. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా సుమారు 5 సెంటీమీటర్లే ఉంటుంది, తోక మాత్రం ఒంటికన్నా పొడవు. కంచెల మీద తిరిగే మామూలు తొండకు వెనక పాదానికి ఐదు వేళ్లుంటే దీనికి నాలుగే ఉంటాయి.

విషపు తిత్తిగా మీ ఊరివారు భయపడుతున్న ఆ సంచి నిజానికి పలుచని చర్మపు మడత మాత్రమే. ఎండలు ముదిరినప్పటి నుంచి వర్షాకాలం నడిమి దాకా జతకట్టే రోజులు కాబట్టి, మగ తొండ ఏ రాయి మీదికో మట్టిపెడ్డ మీదికో ఎక్కి, దానిని విసనకర్రలా విప్పుతూ ముడుస్తూ, ఆడ తొండను పిలుస్తుంది, పక్క మగవాటిని దూరంగా ఉండమని హెచ్చరిస్తుంది. మనిషి అలికిడైతే ముందు కాళ్లు పైకెత్తి వెనక కాళ్ల మీదే పరుగు తీస్తుంది. ఆ పరుగు ఒక్కసారి చూసినవారికి దాన్ని చంపాలని అనిపించదని నా నమ్మకం. పగలంతా చీమలు, చెదలు, పెంకు పురుగులు, చిన్న మిడతలు ఏరుకు తింటుంది. ఆడ తొండ నేలను తవ్వి గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. పురుగుమందు చల్లితే దాని తిండీ పోతుంది, ఆ గడ్డి మేసిన మీ గొర్రెలకూ ముప్పు వస్తుంది.

తొండలు బాగా కంటబడే రోజులూ, వానకు లేత గడ్డి మొలిచే రోజులూ ఒకటే కావడం వల్ల నింద తొండ మీద పడింది. మీరు చెప్పిన లక్షణాలు చిటుక రోగాన్ని పోలి ఉన్నాయి. గొర్రె పేగుల్లో సహజంగా కొద్ది సంఖ్యలో ఉండే క్లాస్ట్రీడియం సూక్ష్మజీవులు, ఎండుమేత నుంచి ఒక్కసారిగా లేత గడ్డికి మారినప్పుడు విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. ఎక్కువ మేసే బలమైన పిల్లలే ముందుగా చనిపోవడానికి కారణం ఇదే. లక్షణాలు కనిపించాక చికిత్సకు వ్యవధి దాదాపు ఉండదు కనుక టీకా ఒక్కటే దిక్కు. ఇంతవరకు వేయించకపోతే వెంటనే మీ పశువైద్యుని చేత మందకంతటికీ వేయించి, 2 నుంచి 3 వారాల తరువాత రెండో మోతాదు ఇప్పించండి. ఆపైన ఏటా తొలకరికి ముందే, అంటే మే నెలలో, తప్పకుండా వేయించండి. ఉదయం కొంత ఎండుమేత పెట్టిన తరువాతే మందను బీడుకు తోలండి, లేత గడ్డిలో మేపే సమయాన్ని రోజురోజుకూ కొద్దిగా పెంచుతూ పోండి.

మళ్లీ ఏదైనా చనిపోతే కళేబరాన్ని ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి. శవపరీక్షలో మూత్రపిండాలు మెత్తబడి ఉంటే చిటుక రోగమన్న అనుమానం బలపడుతుంది. అయితే ముక్కు నుంచి గానీ మలద్వారం నుంచి గానీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అప్పుడు కళేబరాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, ముట్టుకోకుండా పశువైద్యునికి కబురు చేయండి.