ఇల్లు నాది, డిజైన్ ఆయనది: ప్లాస్టరింగ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాం. డిజైన్ విశాఖ ఆర్కిటెక్టుది. బయట గోడల కాంక్రీటు పోసింది పోసినట్టే వదిలేశారు, సెంట్రింగు చెక్కల అచ్చులతో సహా. ‘బ్రూటలిజం’ అన్నారు. వానలకు నల్ల చారలు దిగాయి. వచ్చినవాళ్లంతా ‘ప్లాస్టరింగుకి డబ్బులు చాల్లేదేటి?’ అంటున్నారు. ప్లాస్టరింగ్ చేయించి రంగులేద్దామంటే, కాపీరైట్ కేసు వేస్తానని ఆయన వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఫీజంతా ఇచ్చేశాం. ఇదేం న్యాయం? – ఒక పాఠకుడు

జవాబు: ఫీజు కట్టేసినంత మాత్రాన డిజైన్ మీది కాదండి. కళాత్మకంగా కట్టిన భవనానికి కూడా 1957 కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. ఆ హక్కు మీకు రాసిచ్చినా, 57వ సెక్షన్ కింద ఇంకొకటి ఆయన దగ్గరే ఉంటుంది: తన పేరు చెడేలా పనిని వికృతం చేస్తే అడ్డుపడే హక్కు. ఆయన ధీమా అదే.

అయితే సొంతదారు ముందు ఆ హక్కు ఎంతవరకు నిలుస్తుందో ఢిల్లీలో కొంత తేలింది. ప్రగతి మైదాన్‌లో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల మీ ఇంటికి పెద్దన్న లాంటిది, అంతా కాంక్రీటే. ఆర్కిటెక్టు రాజ్ రేవాల్. 2017 ఏప్రిల్‌లో సొంతదారులే రాత్రికి రాత్రి కూల్చేశారు. మళ్లీ కట్టాలని ఆయన 57వ సెక్షన్ కిందే దావా వేస్తే, 2019 మేలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కూల్చొద్దనే హక్కు ఆర్కిటెక్టుకు లేదంది. (ఆ హాలు పోయినందుకు నాకూ బాధే, అది వేరే సంగతి.)

మీకు పనికొచ్చే మాట కూడా ఆ తీర్పులోనే ఉంది. భవనాన్ని మార్చేసి, ఇంకా ఆయన డిజైనే అని చెప్పుకుంటే మాత్రం ఆర్కిటెక్టు అడ్డుపడవచ్చు. చిత్రం చూడండి, ఇల్లు మొత్తం కూల్చేస్తే గొడవ లేదు, రంగు పూస్తేనే పేచీ! గేటు దగ్గర ఆయన పేరు పలక ఉంటే ప్లాస్టరింగ్ మొదలుపెట్టేలోపే తీసేయండి.

ఆ తీర్పును మన కోర్టులు పాటించి తీరాలని లేదు, కాకపోతే తీసిపారెయ్యవు. అలాగని కేసు దాకా తెచ్చుకోకండి. 62వ సెక్షన్ ప్రకారం ఆయన తన ఆఫీసున్న విశాఖలోనే వెయ్యవచ్చు, వాయిదాలకు తిరిగేది మీరే.

ముందు అగ్రిమెంటు తీసి చదవండి. ‘అనుమతి లేకుండా బయటి రూపు మార్చరాదు’ అని మీరు సంతకం పెట్టి ఉంటే, కాపీరైట్ కన్నా అదే మీకు పెద్ద చిక్కు. లేకపోతే చారల ఫొటోలు తీసి, చెమ్మకు ఆయన చెప్పే మందేమిటో పదిహేను రోజుల్లో చెప్పమని అడగండి. రంగు కనపడని వాటర్‌ప్రూఫ్ కోటింగుతో పోయేదేమో. ఆ అడిగేది వాట్సాప్‌లో కాదు, రిజిస్టర్డ్ పోస్టులో.