ఆనందపురం తోటకి సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టర్: 15 హెచ్‌పీనా 24 హెచ్‌పీనా

అన్నా, మీది 2 ఎకరాల మామిడి, జీడి తోట, పైగా ఏటవాలు అన్నారు కదా, అయితే 15 హెచ్‌పీ టూవీల్ (వెనక రెండు చక్రాలకే పవర్ వెళ్లేది) చవగ్గా వస్తోందని తీసుకోకండి, వానాకాలం జారిపోద్ది. 24 హెచ్‌పీ ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది) చూడండి, మహీంద్రా జీవో 245 గానీ కుబోటా బీ2441 గానీ, చెట్ల మధ్య ఈజీగా తిరుగుతాయి.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండగా మీరే స్టార్ట్ చేయాలి, ముందే వేడి చేసి ఉంచితే డౌటే. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, గుప్పుగుప్పుమని పొగొస్తే ఇంజిన్ లోపల సిలిండర్ బోరు అరిగినట్టే, ఆ బండి వద్దు. వెనక మట్టి దున్నే రోటావేటర్ ఎత్తి ఇంజిన్ ఆపండి, కిందకి మాత్రం ఎవరూ వెళ్లొద్దు, అది వెంటనే దిగిపోతే దాన్ని ఎత్తే హైడ్రాలిక్స్ లీకు. ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ మార్చేస్తారు మరి, క్లచ్ పెడల్ అరుగుదల చూస్తే తెలిసిపోద్ది. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులివ్వండి.