నీళ్లు తాగినా నోరు ఎండిపోతోంది.. కృత్రిమ లాలాజలం పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 58. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి ఎనిమిది నెలలైంది. నోరు ఎప్పుడూ పొడిగానే ఉంటోంది. రాత్రిళ్లు నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువ వస్తోంది. కృత్రిమ లాలాజలం స్ప్రే కొట్టుకుంటే పావుగంట బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇంతకన్నా మంచి మందులేమైనా వస్తున్నాయా?
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు పడుతున్న బాధ చిన్నది కాదమ్మా. మీలాంటివాళ్ల నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తే అది చెంప లోపలి పొరకు అతుక్కుని, లాగితే గానీ రాదు. అంత పొడిగా ఉంటుంది. చెవుల ముందు, దవడ కింద ఉండే లాలాజల గ్రంథులు రేడియేషన్‌కు దెబ్బతినడమే ఇందుకు కారణం. కొందరిలో ఏడాది, రెండేళ్లలో ఊట కొంత తిరిగి వస్తుంది. కాబట్టి ఇప్పుడే ఆశ వదులుకోవద్దు.

లాలాజలంలో 99 శాతానికి పైగా నీళ్లే. అయినా ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరనట్టే ఉంటుంది. ఎందుకంటే అసలు పనంతా మిగిలిన ఆ ఒక్క శాతం లోపే ఉంది. అందులోని మ్యూసిన్ అనే జిగురు ప్రొటీన్ నాలుక మీద పలుచని పొరలా పరుచుకుని తడిని పట్టి ఉంచుతుంది. బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ పళ్లను కాపాడతాయి. ఇప్పుడు దొరికే స్ప్రేలు, జెల్స్‌లో ఎక్కువగా సెల్యులోజ్ రకాలు, శాంథన్ గమ్, గ్లిజరిన్ ఉంటాయి. వాటితో చిక్కదనం వస్తుంది గానీ, నోటిలోపలి పొరను గట్టిగా పట్టుకోవు. నాలుగుసార్లు గుటక వేస్తే పోతాయి. మీకు పావుగంటకే మళ్లీ పొడిబారడానికి కారణం ఇదే, మీ వాడకంలో తప్పేమీ లేదు.

పరిశోధకులు ఇప్పుడు కుస్తీ పడుతున్నది కూడా ఈ పట్టు కోసమే. బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో అన్వేషా సర్కార్ బృందం పాల ప్రొటీన్‌తో ఒకటి, బంగాళాదుంప ప్రొటీన్‌తో ఒకటి కృత్రిమ లాలాజలాన్ని తయారుచేసింది. స్పాంజిలా నీటిని పీల్చుకున్న అతిసూక్ష్మ ప్రొటీన్ రేణువులకు జెల్ తొడుగు వేస్తారు. అది నోటికి అంటిపెట్టుకుని నీటిని కొంచెం కొంచెంగా వదులుతుంది. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం, మార్కెట్లో ఉన్నవాటి కన్నా ఇది నాలుగైదు రెట్లు మెరుగ్గా తడిని నిలిపింది. అయితే ఆ పరీక్షలు ల్యాబ్‌లో, నాలుకను పోలిన కృత్రిమ ఉపరితలం మీద చేసినవి. నాకు ఇది చాలా ఆశ కలిగించిన పని. కానీ దానికోసం ఎదురుచూస్తూ ఇప్పటి చికిత్స ఆపకండి.

రాత్రికి స్ప్రే బదులు జెల్ వాడి చూడండి. ముందు నోరు తడిపి, బఠాణీ గింజంత జెల్ నాలుక మీద, చిగుళ్లకు, చెంపల లోపల రాసుకుని పడుకోండి. పగలు జైలిటాల్ ఉన్న షుగర్‌లెస్ చూయింగ్ గమ్ నమిలితే మిగిలిన గ్రంథులు కాస్త పనిచేస్తాయి. లాలాజలాన్ని ఊరించే పైలోకార్పిన్ మాత్ర మీకు సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. ఆస్తమా, కొన్ని రకాల గ్లకోమా, గుండె జబ్బులు ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి.

పళ్ల సంగతి మాత్రం అసలు వాయిదా వేయొద్దు. లాలాజలం లేని నోట్లో పళ్లు నెలల్లోనే పుచ్చిపోతాయి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం కూడా ఉంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రాయించుకోండి. డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ స్ప్రే సీసా కూడా తీసుకెళ్లండి. కొన్నింటిలో సిట్రిక్ యాసిడ్ ఉంటుంది, అది మీ పళ్ల ఎనామెల్‌ను తినేస్తుంది. అలాంటిదైతే వెంటనే మార్చేయాలి.