చిన్నప్పటి దెబ్బలు చూపించి ‘పిచ్చి’ అని కోర్టులో నిరూపించగలరా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి బెల్టుతో కొట్టేవాడు. పెళ్లయ్యాక తిరుపతిలో మామగారి పేరున ఉన్న ఇంట్లో కాపురం. ఇప్పుడు భర్త కొడుతున్నాడు. నిద్ర పట్టక కొన్నాళ్లు సైకియాట్రిస్టు మందులు వాడాను. ఆ చీటీలు పట్టుకుని, ‘చిన్నప్పటి నుంచే నీకు పిచ్చి, విడాకులిచ్చి బాబును లాక్కుంటా’ అంటున్నాడు. బాబుకు మూడేళ్లు. పుట్టింటికి వెళ్లలేను. ఏం చేయాలి?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ బెదిరింపులో పస లేదు. మానసిక అనారోగ్యం ఉందని తేలినా, కోర్టు ప్రకటిస్తే తప్ప ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా లెక్కించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ఇక నిద్ర కోసం వాడిన మందుల చీటీ ఎంత? మీరు హిందువులనుకుని చెబుతున్నాను. విడాకులకు జబ్బు ఉంటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని ఆయనే రుజువు చేయాలి. 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉంటాడు.

చిన్నతనంలో హింస చూసిన ఆడవాళ్లకు పెద్దయ్యాక భర్త చేతిలో దెబ్బలు తినే ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. దానర్థం తప్పు వాళ్లదని కాదు. కారణాలు చాలా ఉండొచ్చు గానీ, లాయరుగా నాకు ముందు కనిపించేది ఒకటే: అలాంటివాళ్లకు తిరిగి వెళ్లే పుట్టిల్లు ఉండదు. ఆ సంగతి కొట్టేవాడికీ తెలుసు. అందుకే విడాకుల టెన్షన్ పక్కనపెట్టి, ముందు ఉండే చోటు సంగతి చూడండి.

2005 గృహహింస చట్టం కింద, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, మీరు కాపురమున్న ఇంటి నుంచి మిమ్మల్ని ఊరికే గెంటేయడానికి లేదు. అత్తమామల ఇంటికీ ఇది వర్తిస్తుందని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది శాశ్వత హక్కు కాదు. మామగారు చట్టప్రకారం ఖాళీ చేయించే దావా వేయొచ్చు. అందుకని అవసరమైతే భర్త అద్దె ఇల్లు చూపించాలని కూడా పిటిషన్‌లో రాయించండి. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో రక్షణ, నివాసం, బాబు తాత్కాలిక కస్టడీ ఒకేసారి అడగొచ్చు. పరిస్థితి తీవ్రంగా ఉంటే భర్త హాజరు కాకముందే మధ్యంతర ఉత్తర్వులు రావొచ్చు. హాస్టల్‌కు మారినా ఇబ్బంది లేదు, తాత్కాలికంగా ఉంటున్న చోటే కేసు వేయొచ్చు.

ఆ మందుల చీటీలను దాచకండి. మానసిక హింస కూడా ఈ చట్టంలో హింసే కాబట్టి అవి మీకే పనికొస్తాయి. ఈసారి దెబ్బలు తగిలి రుయా ఆసుపత్రికి వెళ్తే మాత్రం ‘జారిపడ్డాను’ అని రాయించకండి, ఎవరు కొట్టారో చెప్పండి. అత్యవసరమైతే 112కు గానీ 181కు గానీ ఫోన్ చేయండి. లాయరు ఫీజు గురించి ఆగిపోవద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది, కోర్టు ఆవరణలోనే దరఖాస్తు ఇవ్వొచ్చు.